ఆశ్రయదానము: సత్రము మొదలు రాత్రివసతి వఱకు

ఏటేట ఈ సంచికలో వచ్చు చరిత్రవ్యాసములలో మన పూర్వులు త్రవ్వించిన చెఱువులును, నిలిపిన ధ్వజస్తంభములును పలుమాఱు వర్ణింపబడినవి. ఈ యేడు నేను వేఱొక విషయమును గైకొంటిని. ఇల్లు లేనివానికి నీడ నిచ్చుట యను ధర్మము మన తెలుగునాట ఎవ్వరిచేత, ఏ రూపమున, ఎవ్వరి కొఱకు జరుగుచు వచ్చినదో విచారింతము. ఇది కేవలము పాతకథ కాదు. మన సంఘపు పాతసత్రమును పడగొట్టి ఆ స్థలమున ఏమి కట్టవలయునను చర్చ ఈ సభలోనే రానున్నది. చేయి యెత్తుటకు ముందు పూర్వవృత్తాంతము కొంత తెలిసియుండుట మంచిది.

మొదట శబ్దవిచారము. బడిపంతులకు ఇది వదలని వ్యసనము గాన పాఠకులు ఓర్చుకొందురు గాక. అమరకోశమున సత్రశబ్దమునకు నాలుగర్థములు చెప్పబడినవి: కప్పుట, యజ్ఞము, ఎడతెగని దానము, అడవి. వైదికవాఙ్మయమున సత్రమనగా పండ్రెండు దినములకు తక్కువ గాక సాగెడు సోమయాగము. తక్కిన యాగములలో యజమానుడొకడు, ఋత్విజులు వేఱు. సత్రమున నట్లు కాదు. అందు పాల్గొను వారందఱును దీక్ష వహించినవారే, అందఱును యజమానులే. ఒకరు ధనమిచ్చి మఱియొకరు పనిచేయుట లేదు గనుక దానికి దక్షిణయు లేదు. ఫలము అందఱికిని సమానము. ఈ మాట యజ్ఞశాలనుండి బాటసారుల యన్నశాలకు వచ్చుట నాకు మిక్కిలి యుచితముగా తోచును. ఒక కప్పు, ఎడతెగని దానము, అందఱును యజమానులైన పని, ఈ మూడును కలిసినచో అది సంఘసత్రము.

ఇందొక వింత గలదు. మన కవులు కొనియాడిన సప్తసంతానములలో కొడుకు, చెఱువు, తోట, గుడి, కృతి, నిధి, అగ్రహారము కలవు, సత్రము లేదు. అగ్రహారమును గృహదానమే కదా యని వాదింపవచ్చును గాని, అగ్రహారము దొరకినది చదువుకొన్న వానికి. ఇల్లు లేనివానికి కాదు. కావున తెలుగునాట ఆశ్రయదానము కవుల ప్రశస్తికి వెలుపలనే ఎక్కువగా పెరిగినది. దాని చరిత్రకు శాసనములు, యాత్రాచరిత్రలు, లెక్కపుస్తకములు ఆధారములు.

అశోకచక్రవర్తి తన ఏడవ స్తంభశాసనమున బాటల వెంబడి మఱ్ఱిచెట్లు నాటించితిననియు, బావులు త్రవ్వించితిననియు, విశ్రాంతిగృహములు కట్టించితిననియు చెప్పుకొనెను. అది రాజధర్మము. మన ప్రాంతమున ఇంతకంటె విశేషమైన సాక్ష్యము గుంటూరు మండలములోని మల్కాపురమున శిలాస్తంభముపై నిలిచియున్నది. శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261లో కాకతి రుద్రమదేవి తన తండ్రి గణపతిదేవుని సంకల్పమును నెఱవేర్చుచు, గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశివునకు మందడము, వెలగపూడి గ్రామములను ధారపోసెను. ఆ యాచార్యుడు ఆ గ్రామములను తాననుభవింపలేదు. గుడియు మఠమును విద్యాలయమును గాక, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పెను. వేదములకును వ్యాకరణ తర్క సాహిత్యములకును ఉపాధ్యాయులు, ఒక వైద్యుడు, ఒక లెక్కలు వ్రాయు కాయస్థుడు, కావలివారు, వంటవారు, వీరందఱికిని భూములు నిర్ణయింపబడినవి. ఆ సత్రమున అన్నము బ్రాహ్మణుడు మొదలు చండాలుని వఱకు వచ్చినవారి కెల్ల పెట్టవలయునని శాసనము పలుకుచున్నది. ఏడువందల యరువది యేండ్లకు పైగా గడచినవి. ఆ వెలగపూడిలోనే 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము పనిచేయుచున్నది. అక్కడికి పనిమీద పోవు మన సభ్యులు ఒక గంట మిగుల్చుకొని ఆ రాతిని చూచి రావలయునని నా కోరిక.

మల్కాపురపు ఏర్పాటులో గమనింపదగినది ఏమనగా, అన్ని యవసరములకు ఒకే కప్పు చాలునని ఆచార్యుడు భావింపలేదు. బాటసారికి ఒకటి, రోగికి ఒకటి, నిండుచూలాలికి ఒకటి, విద్యార్థికి ఒకటి. తరువాతి కాలమున మనము మఱచినది ఇదియే.

తరువాతి శతాబ్దములలో సత్రమనగా ముఖ్యముగా యాత్రికుని విడిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మఱుసటి యేడు తిరిగివచ్చి, దారిలో ఏ యూర బస దొరకును, ఎచ్చట సత్రము గలదు, ఎచ్చట బజారు గలదు అని విసుగు లేక వ్రాసిపెట్టిరి. ఆ గ్రంథము చదివినవారికి సత్రము లేని మజిలీ యనగా ఏమో తెలియును. వారు పరివారముతో గుడారములు వెంటబెట్టుకొని పోయిన సంపన్నులు. అట్టివారికే ఇంత చింత యున్నప్పుడు, మూట నెత్తిన పెట్టుకొని నడచు పేదయాత్రికుని మాట చెప్పనేల? ఇంగ్లీషువారు చౌల్ట్రీ యను పదమును మన చావడినుండియే చేసికొనిరని నిఘంటుకారులు చెప్పుదురు. రాత్రి పండుకొనుటకు చావడి, రెండుపూటల కూడు, దూడలకు గడ్డి, బావినీరు. సాధారణముగా మూడు దినములు మాత్రమే యుండనిత్తురు. ఈ మూడు దినముల నియమమును కొందఱు లోభమని నిందింతురు గాని, అది సత్రపు ప్రాణము. గది ఖాళీ కాకున్నచో ఱేపటి బాటసారికి వీథియే గతి.

ఈ సత్రములకు మాన్యములుండెను, ధర్మకర్తలుండిరి. మాన్యమును ధర్మకర్త మ్రింగుటయు నుండెను. చెన్నరాజధానిలో కుంఫిణీవారు 1817లో ఏడవ రెగ్యులేషనును చేసి దేవాలయముల యాదాయముతోపాటు సత్రముల యాదాయమును రెవిన్యూబోర్డువారి పర్యవేక్షణమున నుంచుటకు కారణము ఇట్టి దుర్వినియోగమే. ధర్మము చేసినవాని మనుమల కాలమునకు ధర్మము ఆస్తియై పోవుట మన దేశమున క్రొత్తది కాదు.

కఱవు వచ్చినపుడు సత్రపు స్వరూపమే మాఱినది. హైదరాలీ యుద్ధమువలన 1782లో చెన్నపట్టణమున క్షామము రాగా గంజి పోయుటకై ఒక శాల యేర్పడెను. దానికి మణియకారుని పేర మణేగారు సత్రమని వాడుక. అక్కడికి వచ్చినవారు యాత్రికులు కారు. పల్లెలు కాలిపోయి, పశువులు చచ్చి, పోవుటకు తావు లేనివారు. మూడు దినముల నియమము వారికెట్లు చెల్లును? వారు వెళ్లలేదు, వెళ్లలేనివారు రోగులైరి. 1799లో వైద్యుడొకడు ఆ యావరణలోనే చికిత్సాలయము తెఱచెను. ఆ చికిత్సాలయమే పెరిగి పెరిగి స్టాన్లీ వైద్యశాల యైనది. సత్రము వృద్ధులకు శరణాలయముగా మిగిలెను. ఒక గంజికుండనుండి ఒక వైద్యకళాశాల పుట్టిన చరిత్ర ఇది. 1953 వఱకు చెన్నపట్టణము మనకును రాజధానియే గాన దీనిని మన చరిత్రలో చేర్చుటకు సంకోచింప నక్కఱ లేదు.

ఇంతవఱకు చెప్పిన నిరాశ్రయులకు కారణము దూరమో, కఱవో. మూడవ కారణ మొకటి యున్నది. దానిని కులసభా సంచికలో వ్రాయుట కష్టమే యైనను వ్రాయక తప్పదు. అది వెలి.

కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపిరి. పెండ్లి యొక రాత్రిలో ముగిసినది. తరువాతి దినమునుండి వచ్చినది అసలు కష్టము. వధూవరులకును, విందుకు వచ్చినవారికిని, వంట చేసినవారికిని వెలి. నీళ్లు మోయువారు రారు, వంటకు మనుష్యులు దొరకరు, బంధువుల గడప త్రొక్కుటకు వీలు లేదు. ఒక కులము తన మనిషికి ఇల్లు లేకుండ జేయవలయునన్న గోడలు పడగొట్ట నక్కఱ లేదని అప్పుడు తేటపడెను. పంతులుగారు వివాహములు చేయుటతో నిలువక ఆ దంపతులను నిలువబెట్టుటకును, దిక్కులేని వితంతువులకు శరణాలయమును నడపుటకును పూనుకొనవలసి వచ్చెను. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయలిచ్చి యుండనిచో ఆ ఉద్యమము మొదటి యేటనే అప్పులలో మునిగి యుండెడిది. చివరకు పంతులుగారు 1906లో స్థాపించిన హితకారిణీ సమాజమునకు తన యాస్తినంతయు ధారపోసిరి. వీరేశలింగముగారి గృహము సత్రమునకు విపరీతము: సత్రము పరాయివానికి మూడు రాత్రులిచ్చును, ఈ గృహము తనవారిచేతనే పరాయి చేయబడిన వానికి తిరిగి నిలదొక్కుకొనువఱకు చోటిచ్చెను. కులసంఘములు ఆశ్రయమిచ్చిన చరిత్రను మనము గర్వముతో చెప్పుకొనునప్పుడు, కులము ఆశ్రయము తీసివేసిన చరిత్రయు ఆ పుటయందే యుండవలయును.

ఇక విద్యార్థుల కథ. ఇంగ్లీషుచదువు పట్టణములలో మాత్రమే దొరకు కాలమున పల్లెటూరి బాలునకు బడికంటె బస కష్టము. అప్పటి యుపాయములు రెండు. ఒకటి వారములు చేసికొనుట: సోమవారమొకరి యింట, మంగళవారమొకరి యింట భోజనము. ఏ దినమైన ఆ గృహిణి ఊరికి పోయినచో ఆ దినము పస్తు. మా గురువుగారు ఇట్లు చదివినవారే. బుధవారమనగానే వారి ముఖము మాఱుట మేము చూచియున్నాము. కారణ మడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. రెండవది పూటకూళ్ల యిల్లు. టంగుటూరి ప్రకాశముగారు చిన్నతనముననే తండ్రిని గోల్పోగా, వారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్లు వండి కుటుంబమును పోషించినది. పరుల బిడ్డలకు అన్నము పెట్టుటచే తన బిడ్డకు చదువు చెప్పించుకొన్న ఆ తల్లి యిల్లును ఒక ఆశ్రయగృహమని నేను లెక్కింతును. ధర్మకర్తల పట్టీలో ఆమె పేరు లేకున్నను.

సంఘములు హాస్టళ్లు పెట్టుట ఈ కష్టమునుండి పుట్టినది. దీనికి మార్గదర్శి కొల్హాపుర ప్రభువగు శాహూ మహారాజు. అన్ని కులములవారికి ఒకే వసతిగృహము తెఱచినను అందు ముందుగా చదువునకు వచ్చిన కులముల పిల్లలే నిండుట చూచి, 1901లో మరాఠాలకును జైనులకును, తరువాత ఒకదాని వెంట నొకటిగా తక్కిన కులములకును వేఱువేఱు గృహములకు సాయము చేసెను. 1908లో అస్పృశ్యులనబడు వారికి ప్రత్యేకగృహ మేర్పడెను. కులమువారిగా విడదీయుట మంచిదా యని నేడు మనము ప్రశ్నింతుము. కాని ఒక కులమువారు తమ పిల్లలకని చందా వేసికొనిరి గనుకనే ఆ గోడలు లేచినవన్నది నిజము. అందఱి కొఱకు అన్నచో ఎవ్వరును ఇయ్యరు. మనవారి కొఱకు అన్నచో సంచి విప్పుదురు. ఈ లోకస్వభావమును నేను మెచ్చుకొనుట లేదు, కాదనుటయు లేదు.

మన హైదరాబాదున 1918లో రెడ్డి హాస్టలు వెలసినది. నిజాం రాష్ట్రమున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినదియు ఆ సంవత్సరముననే. పై చదువునకు రాజధాని తప్ప వేఱు గతి లేదు. రాజధానిలో తెలుగుపల్లె బాలునకు తెలిసినవారు లేరు. నగర కొత్వాలుగా నుండిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారు ఈ గృహమునకు మూలస్తంభము. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని కార్యభారమును వహించిరి. తదుపరి తెలంగాణా రైతాంగపోరాటమునకు నాయకులైన రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలున నుండి చదివినవారే. కట్టించినవారు భూస్వాములు, ఉన్నతోద్యోగులు. అందు నుండి వెడలినవారిలో భూస్వామ్యమును ఎదిరించినవారు నుండిరి. నీడ యిచ్చువాడు ఆ నీడలో కూర్చుండువాని తలంపులను శాసింపలేడు, శాసింపరాదు. ఇంచుమించు ఈ రీతినే ఇతర కులములవారును నగరమున వసతిగృహములు కట్టుకొనిరి. స్త్రీలకు మాత్రము ఈ సదుపాయము ఆలస్యముగా వచ్చినది. దుర్గాబాయమ్మగారు 1937లో చెన్నపట్టణమున ఆంధ్రమహిళాసభను స్థాపించి ఆ లోటును కొంత తీర్చిరి. మగపిల్లల హాస్టళ్లకు రాజులు జమీందారులు పోటీపడి యిచ్చిన కాలముననే ఆమె ఇంటింటికి తిరిగి కూడబెట్టవలసి వచ్చినది.

హాస్టలు సత్రమును కాదు, ఇల్లును కాదు. సత్రమునకు ప్రమాణము రాత్రి, హాస్టలునకు ప్రమాణము పరీక్ష. పరీక్ష తప్పిన వానిని ఏమి చేయవలయునో ఏ హాస్టలు నియమావళియు నేటికిని తృప్తిగా చెప్పలేదు.

ఇల్లే కట్టి యిచ్చుట మఱియొక ధర్మము. అది మన తీరమున తుపానులవలన వచ్చినది. 1969 తుపానునకు గుంటూరు తీరగ్రామములు దెబ్బతిన్నప్పుడు బెల్జియము దేశీయుడగు జెసూటు పాదిరి మైకేల్ విండీగారు గ్రామపునర్నిర్మాణ సంస్థ నొకదానిని ప్రారంభించిరి. ఆయన పద్ధతి యేమనగా, విడివిడి యిండ్లు కాక గ్రామమునంతటిని ఒక్కటిగా గీసి, ఆ యింటి యందుండబోవు వారిచేతనే పని చేయించుట. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. మట్టిగోడలు, తాటాకు కప్పులు ఒక్క గంటలో సముద్రమున కలిసినవి. అప్పుడు రామకృష్ణ మిషనువారు, క్రైస్తవసంస్థలవారు, ఇతర సేవాసంఘములవారు పక్కాయిండ్లు కట్టిరి. ప్రతి సంస్థయు తన పేర ఒక కాలనీని నిలుప గోరుట సహజమే. కాని స్థలము ప్రభుత్వమిచ్చినగాని ఇల్లు లేవదు. పట్టా లేనిచో కట్టిన యిల్లును ఇల్లు కాదు. గోడ దాతది, నేల సర్కారుది, కాపురము ఆ పేదవానిది. ఈ మువ్వురిలో ఎవరు తప్పుకొన్నను పని నిలువదు.

ఆ యుప్పెన తరువాత తీరమున తుపాను రక్షణగృహములును లేచినవి. స్తంభములపై నిలిచిన ఒక పెద్ద గది, పైకి మెట్లు, చదునైన కప్పు. తక్కిన దినములలో అందు బడి నడచును. 1990 మే నెలలో అంతటి బలముగల తుపానే కృష్ణాతీరమును తాకినను, ముందుగా లక్షలకొలది జనులను తరలించుటవలనను, ఈ గృహముల వలనను మృతుల సంఖ్య వేయికి మించలేదు. రక్షణగృహమున మనిషి గడపునది ఒక్క రాత్రి, రెండు రాత్రులు. పక్కాయింటికంటె దానికి ఖర్చును, పేరును తక్కువయే. ఐనను ఆ రెండు రాత్రులు నిలిచిన ప్రాణములు వేలకొలది.

కట్టినదానిని నిలుపుట సంగతి చెప్పుటకు ఒక విదేశోదాహరణమును అనుమతింపుడు. మనవారు మరమ్మతు ఖర్చును ఎన్నడును లెక్కలో చేర్చరు గనుక ఇంత దూరము పోవలసి వచ్చినది. జర్మనీదేశమున ఆగ్స్‌బర్గు నగరమున ఫుగ్గరు వంశపు వర్తకుడు యాకోబు 1521లో పేదకుటుంబముల కొఱకు ఒక పేటను కట్టి ధర్మశాసనము వ్రాసెను. ఆ పేటలో 67 ఇండ్లున్నవి. నేటికిని అందు సుమారు 150 మంది కాపురమున్నారు. ఏటి యద్దె ఆనాటి ఒక్క గిల్డరు. నేటి నాణెములో ఒక యూరోకన్న తక్కువ. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు చాలభాగము కూలినను మరల కట్టిరి. అది ఆ నగరపు పేద కాథలికులకే పరిమితము. అనగా మన కులధర్మము వంటిదే. ఐదువందల యేండ్లు అది నిలుచుటకు కారణము దాత యిచ్చిన సొమ్మును మూలధనముగా భద్రపఱచి, ఇప్పుడు ముఖ్యముగా అడవుల యాదాయముతో మరమ్మతులు చేయుచుండుట. మన సత్రములకును మాన్యము లుండెనని పైని చెప్పితిని. అవి యేమైనవో ప్రతి గ్రామమునకు ఒక వ్రాయని కథ గలదు.

ఇక మన కాలమునకు వత్తము. 2011 జనాభా లెక్కలలో దేశమున ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైబడిరి. అందు సగమునకు మించి పట్టణములలోనివారు. ఈ లెక్కయు పూర్తి కాదని పనిచేయువారందురు. వంతెనక్రింద నిదురించువానిని లెక్కించుటకు రాత్రి పోవలయును. ఢిల్లీలో ఆశ్రయ అధికార అభియాన్ అను సంస్థవారు 2000లో అట్లే రాత్రివేళ తిరిగి 52,765 మందిని లెక్కించిరి. ఆ సంస్థ అప్పటికి ఇండ్లు కట్టలేదు, అన్నము పెట్టుటకు ముందే లెక్క పెట్టినది. ఇది ఆశ్రయధర్మమున మన పూర్వులెఱుగని క్రొత్త పని. మఱియొక క్రొత్త పని న్యాయస్థానమున వాదించుట. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ నగరపాలకులు ఒక తాత్కాలికపు రాత్రివసతిని తీసివేయగా, ఆహారహక్కును గూర్చి పౌరహక్కుల ప్రజాసంఘమువారు 2001లో వేసిన వ్యాజ్యములో ఆ సంగతి సుప్రీముకోర్టు ముందుకు వచ్చెను. పెద్ద నగరములలో ప్రతి లక్ష జనమునకు ఒక వసతిగృహము ఏడాది పొడవునను నడపవలయునని కోర్టువారు ఆదేశించిరి. 2013 నుండి పట్టణ జీవనోపాధి పథకమున దీనికి నిధులు చేర్చబడినవి. భవనము పురపాలకసంఘముది, నడుపుట సాధారణముగా సేవాసంస్థలది.

ఇట్టి రాత్రివసతి నొకదానిని నేను ఒక పట్టణమున చూచితిని. మంచములు, పరుపులు, దీపములు అన్నియు నున్నవి. సగము మంచములు ఖాళీ. వెలుపల వీథి యరుగులపై జనము పండుకొని యుండిరి. కారణ మడుగగా ఒక రిక్షావాడు చెప్పెను: లోపల బండి పెట్టుకొనుటకు చోటు లేదు, బయట పెట్టిన దొంగలు కొనిపోదురు. భార్యతో వచ్చినవానికి అందు ప్రవేశము లేదు. మూటకు తాళపుపెట్టె లేదు. సత్రము కట్టిన మన పూర్వులకు బాటసారి యెద్దులను ఎక్కడ కట్టవలయునో తెలిసియుండెను. రిక్షాయు ఆ యెద్దు వంటిదే కదా.

ఇప్పుడు మన పాతసత్రము. దానిని తీసివేసి కల్యాణమండపము కట్టవలయునని చాలమంది పెద్దల యభిప్రాయము. నేను మండపమునకు విరోధిని కాను. పెండ్లిండ్ల యద్దె రాబడి నిశ్చయమైనది. ఫుగ్గరువారికి అడవి యెట్లో మనకు మండపమట్లు కావచ్చును. కాని తెలుగునాట సంఘసత్రములు మండపములైన చోట్ల పలుమాఱు జరిగినదేమనగా, రాబడి మండపమును పెంచుటకే పోయి, పండుకొనుటకు వచ్చినవానికి గేటుకడ కావలివాడు మాత్రము మిగిలినాడు. సంవత్సరమున నలువది ముహూర్తములు. తక్కిన దినములు తాళము.

మన సత్రమునకు కూతవేటు దూరమున ప్రభుత్వ వైద్యశాల గలదు. రోగికి లోపల మంచము దొరకును. రోగితో వచ్చిన తల్లికి, భార్యకు దొరకదు. వారు మెట్లమీదను, చెట్లక్రిందను వారములకొలది గడపుచున్నారు. వారు వీథిజనులు కారు, ఊరిలో ఇల్లున్నవారే. ఐనను ఆ పదునైదు దినములు వారు నిరాశ్రయులు. మూడు దినముల నియమము వారికి చాలదు, హాస్టలు వారికి పనికిరాదు, పట్టాయిల్లు వారికి వలదు. వారికి వలసినది రోగి యింటికి పోవువఱకు ఒక గది, ఒక వంటపొయ్యి, స్నానపుగది, మూటకు తాళపుపెట్టె.

కావున కార్యనిర్వాహకవర్గమువారికి నా మనవి యిది. నూతనభవనమున మండపము పై అంతస్తున నుండుగాక. క్రింది అంతస్తు రోగుల సహాయకులకై విడువబడవలయును. స్త్రీలకు వేఱు ద్వారము, వేఱు స్నానగృహములు ఉండవలయును. మండపపు రాబడిలో నాలుగవ వంతు వేఱు ఖాతాలో జమచేయబడి, మరమ్మతులకును క్రిందివసతికిని తప్ప వేఱొకదానికి వాడరాదని ట్రస్టుదస్తావేజులోనే వ్రాయింపవలయును. లెక్కలు ఏటేట ఈ సంచికలోనే ప్రకటింపవలయును. క్రిందిగదులలో ప్రవేశమునకు వైద్యశాల చీటి తప్ప కులధ్రువపత్రము అడుగరాదు. ఈ కడపటి షరతునకు కొందఱు పోషకులు అంగీకరింపరని నే నెఱుగుదును. వారికి మల్కాపురమునకు బస్సు ఏర్పాటు చేయుటకు నేను సిద్ధముగా నున్నాను, ఖర్చు నాది.

ఈ తీర్మానమును రెండవనాటి సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింతును. బలపఱుపగోరువారు ముందుగా తమ పేర్లను కార్యదర్శిగారికి తెలుపుదురు గాక.